ఆవమందు రుచి మరిగిన నేల

మట్టి పరీక్షల ల్యాబులో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఆదోనిలోని మా ఇంటికి వస్తుంటారు. టీ తాగుతూ, ఈ ఉద్యోగంలో ముఖ్యంగా తెలుసుకోవలసింది ఏమిటని అడుగుతారు. ముప్పై ఏళ్లకు పైగా చేశాను కాబట్టి రెండు ముక్కల్లో తేల్చేస్తానని వాళ్ల ఆశ. నాకు అది చేతకాలేదు. అందుకే రాయడానికి కూర్చున్నాను.

బదిలీలు, ప్రమోషన్లు రాయను. అవి ఎవరి సర్వీసు పుస్తకం తిప్పినా ఒకేలా ఉంటాయి. ఒక పొలం గురించి రాస్తాను. ఆస్పరి అవతల మూడెకరాల ఎర్రనేల. పాములున్న గట్ల మీద, పాడుపడ్డ బావుల పక్కన ఒంటరిగా మట్టి తవ్వినదాన్ని నేను. ఎక్కడా భయపడలేదు. ఆ పొలంలో మాత్రం భయపడ్డాను. ఒక మనిషికి అన్యాయం చేసింది కూడా అక్కడే.

మాది ఎమ్మిగనూరు, మగ్గం ఇల్లు. నూలుకు రంగు సరిగ్గా పట్టిందో లేదో మా నాన్న తొట్టి మీదికి వంగి వాసన చూసి చెప్పేవాడు. ఆయన ముక్కే నాకు వచ్చిందని గర్వంగా ఉండేది. మట్టిని చేతిలోకి తీసుకుని వాసన చూసి, పెంటఎరువు వేసి ఎన్నాళ్లయిందో చెప్పగలిగేదాన్ని. ఈ గర్వాన్ని ఎక్కడ వదులుకున్నానో ముందు ముందు తెలుస్తుంది.

మందు సంగతి

ఆవగింజ పొడిగా ఉన్నంతసేపు దానిలో ఘాటు లేదు. నలిగి, తడి తగిలితేనే పుడుతుంది. కొత్త ఊరగాయ జాడీ మూత తీసినప్పుడు కళ్లలో నీళ్లు తెప్పించేది అదే. ఆ ఘాటును గింజలోంచి తీసి, చిక్కబరిచి, నీళ్లతో నేలలోకి పంపితే ఆవిరై మట్టి సందుల్లో పాకుతుంది. దారిలో తగిలిన నులిపురుగును, బూజును చంపుతుంది. నులిపురుగులంటే కంటికి కనపడనంత సన్నని పురుగులు. టమాటా వేర్లలో దూరి బుడిపెలు కట్టిస్తాయి. కాళ్ల కింద నీళ్లున్నా మొక్క మధ్యాహ్నానికి వాలిపోతుంది.

పాతకాలపు రసాయన మందుల మీద ఆంక్షలు వచ్చాక, మా ల్యాబు ఉన్న వ్యవసాయ కేంద్రం ఈ ఆవమందును రైతుల పొలాల్లో ప్రయత్నించింది. "ఇది చెట్టు నుంచి వచ్చింది, చెట్టులాగే మట్టిలో కలిసిపోతుంది" అని రైతుల సభల్లో చెప్పేవాళ్లం. అబద్ధమేమీ కాదు. కొంత గాలిలోకి పోతుంది. కొంత తడిలో విరిగిపోతుంది. కొంత పెంటఎరువుకు అంటుకుని ఊరుకుంటుంది. మిగిలినదాన్ని మట్టిలోని సూక్ష్మజీవులు తింటాయి. ఎండ ఎక్కువైతే తొందరగా, చలికాలంలో నెమ్మదిగా ఇదంతా జరుగుతుంది. పుస్తకంలో ఇంతవరకు ఉంది. మేమూ ఇంతవరకే చదివి, కలిసిపోతుందన్న మాటను మంచిమాటగా వాడుకున్నాం. ఎంతసేపట్లో కలిసిపోతుంది, ప్రతిసారీ అంతేసేపు పడుతుందా అని మాలో ఎవరమూ అడగలేదు.

మొదటి ఏడు

ఆ మూడెకరాల రైతు ఈరన్నకు అప్పుడు నలభై ఐదేళ్లుంటాయి. తక్కువ మాట్లాడే మనిషి. భార్య లింగమ్మ మాత్రం పొలంలో ఏం కదిలినా చూసేది, చూసింది చూసినట్టు చెప్పేది. వరుసగా రెండు పంటలు టమాటా ఎండిపోయాక వాళ్లు మా పథకంలో చేరారు.

మందును డ్రిప్పు గొట్టాల్లో వదిలి, మడుల మీద ప్లాస్టిక్ పట్ట కప్పి, అంచుల మీద మట్టి ఎగదోశాం. నాతో వచ్చింది మా ల్యాబు అటెండరు ఖాసిం సాబ్. నాకంటే పెద్దవాడు, ఆ ల్యాబులో నాకంటే పాతవాడు. ఆయన గుడ్డ ముక్కుకు కట్టుకుని అంచులు తొక్కుకుంటూ వెళ్తుండగా లింగమ్మ పిలిచింది.

"మేడం, ఇట్ల రాండి. సీమలు పోతాండాయి."

చీమలు గుడ్లు నోట కరుచుకుని, పట్ట కిందినుంచి తాడులా సాగి, బాట దాటి అవతలి బీడులోకి పోతున్నాయి. వానపాములు అంచుల దగ్గర పైకి వచ్చి, ఎర్రమట్టి మీద మెలికలు తిరిగి ఆగిపోయాయి. కొంగలు వచ్చి వాలాయి గాని వాటిని ముట్టకుండా లేచిపోయాయి. మధ్యాహ్నానికి ఆ మడుల్లో పురుగు చప్పుడు కూడా లేదు. పక్క పొలంలో కీచుమంటున్నవి గట్టు దగ్గర ఆగిపోయినట్టు వినపడేది. లింగమ్మ పట్ట మీద చెవి పెట్టి విని, లేచి, కొంగుతో చెవి తుడుచుకుంది.

"ఏం వినపడింది?" అన్నాను.

"ఏమీ వినపడల్యా మేడం. నేలన్నాక యేదో ఒగటి వినపడల్ల కదా."

ఎనిమిదో రోజు పట్ట తీస్తే ఇంకా కళ్లు మండాయి. గాలి పోనిచ్చి, నాలుగు విత్తనాలు మొలిపించి చూసి నారు నాటించాం. ఆ పంట బ్రహ్మాండంగా వచ్చింది. పీకి చూస్తే వేర్లు తెల్లగా, నున్నగా ఉన్నాయి. మా కేంద్రం అధికారి శేషగిరి గారు ఆ వేర్లను ఆదోనిలో రైతుల సభకు పట్టుకెళ్లి చూపించారు. ఈరన్నను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. ఆయన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక శాలువా అంచు పట్టుకుని నిలబడ్డాడు.

మూడో ఏడు

రెండో ఏడు కూడా పంట వచ్చింది. వేర్లకు అక్కడక్కడ బుడిపెలున్నాయి. పట్ట తీసినప్పుడు ఘాటు మొదటి ఏడంత లేదని రాసుకున్నాను. మందు పాతదేమో అనుకున్నాను. అంతటితో వదిలేశాను. మీకు చెప్పదలుచుకున్న మొదటి మాట ఇది: తేడాను రాసుకుని వదిలేయడం కంటే రాసుకోకపోవడమే నయం. రాసుకున్నాం కదా అని మనసు నిశ్చింతగా ఉంటుంది.

మూడో ఏడు అదే మందు, అదే కొలత, అదే నెల. వదిలిన మర్నాడు పొద్దున్నే ఖాసిం సాబ్, నేనూ వెళ్లాం. లింగమ్మ గట్టు మీద కూర్చుని ఉంది. మేం దిగేదాకా లేవలేదు.

"మీరే సూడండి," అంది.

పట్ట మీద చీమలు నడుస్తున్నాయి. పట్ట అంచు కిందికి దూరి లోపలికి పోతున్నాయి, గింజలు మోసుకుని బయటికి వస్తున్నాయి. ఏ తొందరా లేదు. ఒక మూల పట్ట ఎత్తాను. ముక్కుకు ఒక్కసారి ఘాటు తగిలినట్టయింది, వెంటనే పోయింది. తడిసిన మట్టి వాసన, దాని కింద ఏదో తియ్యగా, పులిసినట్టున్న వాసన మిగిలింది. ముందు రోజు సాయంత్రం మూడెకరాలకు సరిపడా మందు దింపాం. పన్నెండు గంటలు దాటిందో లేదో, అది ఎక్కడా లేదు.

"యాడికి పోయింది మేడం?" అన్నాడు ఈరన్న.

"పట్టకు చిల్లులు పడి ఉంటాయి."

"ఒగ సిల్లు సూపీయండి."

వెతికాను. చిల్లు కనపడలేదు. లింగమ్మ అప్పుడు అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తు. "నిన్న పొద్దుగూకేటప్పుడు ఈడే కూసున్న్యా. ఘాటు పైకి రాల్యా మేడం. లోపలికే పోయింది, ఎవురో పీల్సుకున్నట్ల."

ఆ మాటకు నాకు నవ్వు రాలేదు. మట్టి తీయడానికి మోకాళ్ల మీద కూర్చున్నదాన్ని, చెయ్యి మట్టిలో పెట్టడానికి ఒక క్షణం ఆగాను. అన్నేళ్ల ఉద్యోగంలో అలా ఆగడం అదే మొదలు.

ల్యాబుకు తెచ్చిన మట్టిని నీళ్లలో తేర్చి మైక్రోస్కోపు కింద పెట్టాను. మొదటి ఏడు ఆ నీళ్లలో నులిపురుగులు కదలిక లేకుండా, నిటారుగా, తెంపి పడేసిన దారపు ముక్కల్లా ఉన్నాయి. ఈసారి ఈదుతున్నాయి.

నేను రాసిన వాక్యం

శేషగిరి గారి గురించి నిజం చెప్పాలి. చెడ్డమనిషి కాదు. చూసింది చూసిన చోటే పెన్సిలుతో రాయమని, సిరా వానకు తడిస్తే పోతుందని నాకు నేర్పింది ఆయనే. నా పిల్ల ఆసుపత్రిలో ఉన్నప్పుడు నా పని ఆయన చేశారు. కాని ఆవమందు పద్ధతిని ఊరూరా చెప్పుకున్నది కూడా ఆయనే. అది ఒకచోట ఓడిపోతే తనే ఓడినట్టు ఉండేది ఆయనకు.

"మట్టి మందును మింగదమ్మా. రైతు పోసి ఉండడు," అన్నారు.

"మేము నిలబడి పోయించాం సార్."

"మీరు ఎంతసేపు నిలబడ్డారు? డబ్బాలన్నీ ఖాళీ అయ్యేదాకా ఉన్నారా?"

లేము. చివరి రెండు డబ్బాలు మిగిలి ఉండగా జీపు ఎక్కాం. చిప్పగిరి మండలంలో ఇంకో పొలం చూడవలసి ఉంది. ఆ రెండు డబ్బాలు పోయకపోయినా పొలమంతా అలా కాదని నాకు తెలుసు. అయినా చీమల సంగతి, లింగమ్మ మాట కాగితం మీద పెడితే నన్ను చూసి నవ్వుతారని అనిపించింది. రైతు తప్పు చేశాడని రాయడం తేలిక. "రైతు సూచించిన పద్ధతిని పాటించినట్లు కనపడలేదు" అని రాసి సంతకం పెట్టాను.

ఆ వాక్యాన్ని ఆస్పరిలో జరిగిన సమావేశంలో చదివారు. నేను వెనక వరుసలో ఉన్నాను. పథకంలోంచి ఈరన్న పేరు తీసేశారు. మేమిచ్చిన మందు ఆదోనిలో అమ్ముకున్నాడని ఊళ్లో అనుకున్నారు. ఆ ఏడు టమాటా పూతకు ముందే వాలిపోయింది. ఈరన్న ఒక్కరోజులో మొత్తం పీకేసి గట్టు మీద కుప్ప వేశాడని తర్వాత తెలిసింది. సమావేశం అయ్యాక ఆయన నా దగ్గరికి వచ్చాడు. కోప్పడతాడనుకున్నాను.

"నేను పోసినట్ల మీకు తెలుసు కదమ్మా," అన్నాడు.

నేను జీపు వైపు నడిచాను. ఆయన కాసేపు నిలబడి, వెళ్లిపోయాడు. ఆ తర్వాత మా జీపు కనపడితే ఆయన పొలంలోంచి ఎవరూ చెయ్యి ఊపలేదు.

సీసాలు

మరుసటి ఏడు చిప్పగిరి పొలంలో కూడా అదే జరిగింది. అక్కడ ఆవమందు వాడటం అది రెండోసారే. అక్కడి రైతు శేషగిరి గారికి దూరపు చుట్టం. ఆయన మందు అమ్ముకున్నాడని మాత్రం ఎవరూ అనలేదు.

ఖాసిం సాబ్ ఒకరోజు పొద్దున పచ్చళ్ల గాజుసీసాలు ఆరు తెచ్చి నా బల్ల మీద వరసగా పెట్టాడు. "మేడం, కిందటేడు తెచ్చిన ఈరన్న మట్టి కొంచెం ఉడకబెడదామా?" అన్నాడు.

ఉడకబెట్టడం ఎందుకో నాకు వెంటనే అర్థమైంది. ఆ ఆలోచన నాకు రానందుకు సిగ్గుపడ్డాను. మా ల్యాబులో మట్టిలోని జీవాన్ని చంపే యంత్రం పాడై చాలా రోజులైంది. ఆయన ఇంట్లో పెళ్లిళ్లకు వాడే పెద్ద ప్రెషర్ కుక్కరు తెచ్చాడు. ఈరన్న పొలం మట్టిలో సగాన్ని మూడు రోజులు, రోజుకు ఒకసారి కుక్కరులో పెట్టి తీశాం. మిగతా సగం అలాగే ఉంచాం. ఎప్పుడూ ఆవమందు చూడని బీడు మట్టిని మూడో రకంగా తీసుకున్నాం. అన్నిటిలో ఒకే కొలత మందు వేసి, మూతకు తడి దూది కట్టి, దూదిలో టమాటా విత్తనాలు గుచ్చాం. ఘాటు ఉన్నంతకాలం గింజ మొలవదు. పోయిందంటే మొలుస్తుంది. నా ముక్కును నమ్మడం మానేసింది అప్పుడే. ఘాటును నాలుగుసార్లు పీల్చిన ముక్కు ఐదోసారి మొద్దుబారిపోతుంది, అది ఉన్నా లేదని చెబుతుంది. పైగా ఆ ఆవిరి ఊపిరితిత్తులకు మంచిది కాదు. నేను చేసినట్టు మీరు చేయకండి.

ఉడకబెట్టిన సీసాల్లో గింజలు రెండు వారాలైనా మొలవలేదు. బీడు మట్టిలో తొమ్మిదో రోజుకు మొలకలు కనపడ్డాయి. ఈరన్న మట్టి ఉన్న సీసాల్లో నాలుగో రోజుకే వేరు బయటికి వచ్చింది. మందే లేకుండా విడిగా తడి దూదిలో ఉంచిన గింజలకూ అంతేకాలం పట్టింది.

ఖాసిం సాబ్ చాలాసేపు ఆ సీసాలనే చూశాడు. తర్వాత చెంచాతో ఈరన్న మట్టి చిటికెడు తీసి, ఉడికిన మట్టి ఉన్న ఒక సీసాలో వేసి మూత పెట్టాడు. వారం తిరిగేసరికి ఆ సీసాలో కూడా మొలకలు వచ్చాయి. కొత్త గింజలు గుచ్చి ఇంకోసారి మందు వేశాం. ఈసారి నాలుగు రోజులే పట్టింది.

"వీటికి అలవాటయిపోయింది మేడం. రుచి మరిగినాయి," అన్నాడు.

విషయం అదే. మట్టిలో కోటానుకోట్ల జీవాలుంటాయి. ఆవమందు మొదటిసారి పోసినప్పుడు వాటిలో చాలా చచ్చిపోతాయి. చావనివాటిలో కొన్నిటికి దాన్ని తిని బతకడం తెలుసు. పోటీ లేని నేలలో అవే పెరుగుతాయి. మళ్లీ పోస్తే వాటికి అన్నం పెట్టినట్టే. ఇది కొత్త సంగతి కాదనీ, వేరే మందులతో వేరే దేశాల్లో చూశారనీ తర్వాత చదివాను. చదివితే భయం పోవాలి. నాకు పోలేదు. పెన్ను కింద పెట్టి సీసాల వైపు చూసినప్పుడల్లా, మూత బిగించి ఉన్న ఆ గుప్పెడు ఎర్రమట్టి తర్వాతి చుక్క కోసం ఎదురుచూస్తున్నట్టు అనిపించేది. సెలవు రోజున ల్యాబులో ఒంటరిగా ఉండాల్సి వస్తే నా కుర్చీని అటు తిప్పి కూర్చునేదాన్ని. వాటికి వీపు చూపి పని చేయలేకపోయాను.

ఆగర్

ఒక ప్రశ్న మిగిలింది. ఈరన్న పొలానికి మూడేళ్లు పట్టింది, చిప్పగిరి పొలం రెండోసారికే ఎలా నేర్చుకుంది?

నా టూరు డైరీలు తీశాను. ఆస్పరి పొలం చూసిన రోజే, అదే జీపులో, చిప్పగిరి వెళ్లేదాన్ని. ప్రతిసారీ ఆ వరసే. ఎమ్మిగనూరు వైపు పొలాలను ఖాసిం సాబ్ వేరే రోజుల్లో, వేరే ఆగర్‌తో చూసేవాడు. ఆగర్ అంటే మట్టి నమూనా కోసం నేలలోకి తిప్పి దించే ఇనుప కడ్డీ. ఎమ్మిగనూరు వైపు మందు ఇంకా పనిచేస్తూనే ఉంది.

స్టోరు గదిలోకి వెళ్లి నా ఆగర్ తెచ్చుకున్నాను. కడ్డీ చుట్టూ తిరిగే మర చుట్ల మధ్య ఎర్రమట్టి ఎండి గట్టిపడి ఉంది. దాన్ని నేను ఎన్నడూ కడగలేదు. గుడ్డతో తుడిచి జీపులో పడేసేదాన్ని. ఆ మట్టిని గోరుతో గీకి, నీళ్లలో కలిపి, బీడు మట్టి ఉన్న కొత్త సీసాలో పోశాను. పక్క సీసాలో ఒట్టి నీళ్లు పోశాను. రెండింటిలోనూ మందు వేశాను. ఖాసిం సాబ్‌కు చెప్పలేదు.

ఒట్టి నీళ్ల సీసాలో మొలకలకు తొమ్మిది రోజులు పట్టింది. ఆగర్ మట్టి కలిపిన సీసాలో ఆరో రోజుకు మొలకలు వచ్చాయి. రెండోసారి మందు వేస్తే నాలుగో రోజుకే.

ఒక్క సీసాతో రుజువు కాదని నాకు తెలుసు. చిప్పగిరి నేల తనంతట తనే నేర్చుకుని ఉండొచ్చు. కాని ఆ రోజు ఆగర్‌ను బల్ల మీద పెట్టి, నేను ఆ ఏడు తిరిగిన ఊళ్లు వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. ఏ గట్టు ఎక్కానో, ఎవరి మడిలో చెప్పులతో దిగానో గుర్తు చేసుకున్నాను. ఎవరి ఇంట్లోనో మజ్జిగ ఇస్తే, ఆ చేతులతోనే తాగాను. మేలు చేయడానికి వెళ్తున్నానని అనుకుంటూ ఒక్కో పొలానికి దాన్ని నేనే మోసుకెళ్లి దించాను. అది నాతో వచ్చింది. నాకు తెలియలేదు.

ఖాసిం సాబ్‌కు ఆ సాయంత్రం చెప్పాను. ఆయన వెంటనే లేచాడు. బకెట్‌లో బ్లీచింగ్ నీళ్లు కలిపి, ఆగర్ తీసుకెళ్లి కడిగి, తర్వాత నా చెప్పులు అడిగాడు.

సంతకం

శేషగిరి గారికి సీసాలు చూపించాను. మళ్లీ చేయమన్నారు. చేశాం. ఇంకోసారి చేయమన్నారు. మూడోసారి ఆయనే గింజలు గుచ్చి, గదికి తాళం వేసి తాళంచెవి జేబులో పెట్టుకున్నారు. నాలుగో రోజు తలుపు తీసి చూసి, కుర్చీలో కూర్చున్నారు.

"ఇది రాస్తే మన పద్ధతి మీద నమ్మకం పోతుందమ్మా."

"ఎప్పుడు పనిచేస్తుందో, ఎప్పుడు చేయదో చెప్తే పోదు సార్. వరుసగా పోయొద్దని, మధ్యలో జొన్నో కొర్రో వేసి నేలను మందు లేకుండా వదిలేయమని చెప్దాం. పనిముట్లు కడగమని చెప్దాం."

ఆయన ఒప్పుకున్నారు. నివేదిక మీద సంతకం చేశారు. గ్యాసును కొలిచే యంత్రం ఉన్న పెద్ద ల్యాబుకు నమూనాలు పంపించారు. అక్కడా అదే తేలింది. కాని నేను చివర రాసిన ఒక వాక్యాన్ని మాత్రం పెన్సిలుతో కొట్టేశారు. "గతంలో ఆస్పరి రైతుపై చేసిన వ్యాఖ్య సరికాదు" అన్న వాక్యం అది. శాస్త్రీయ నివేదికలో ఇలాంటివి ఉండవని అన్నారు. ఆ మాట నిజమే. నేను దాని చాటున దాక్కున్నాను. ఆ వాక్యాన్ని వేరే కాగితం మీద రాసి పంపవచ్చు, ఎవరూ ఆపేవారు కాదు. పంపలేదు. రెండేళ్లు అలా గడిచాయి.

తప్పును లోకానికి చెప్పడం ఒకటి, తప్పు ఎవరికి చేశామో వాళ్లకు చెప్పడం ఒకటి. మొదటిది చేసినవాళ్లకు రెండోది కూడా అయిపోయిందనే అనిపిస్తుంది.

పాలకేంద్రం ముందు

రిటైరు కావడానికి నెల ముందు బస్సులో ఆస్పరికి వెళ్లి, అక్కడినుంచి ఆటోలో ఈరన్న ఊరికి వెళ్లాను. సాయంత్రం పాలు పోయడానికి ఊరంతా వచ్చే వేళకు పాలకేంద్రం ముందు నిలబడ్డాను. ఈరన్న, లింగమ్మ కూడా క్యాన్లతో వచ్చారు. నన్ను చూసి ఆయన ముఖం తిప్పుకున్నాడు.

నేను చెప్పవలసింది చెప్పాను. ఆ మూడో ఏడు ఈరన్న మందు మొత్తం పోశాడనీ, నేలే దాన్ని తిన్నదనీ, అది తెలుసుకోకముందే నేను తప్పు రాశాననీ, తెలిశాక కూడా రెండేళ్లు ఊరుకున్నాననీ చెప్పాను. చిప్పగిరి సంగతి, ఆగర్ సంగతి కూడా దాచలేదు. పాలు కొలిచే అతను కొలత పట్టుకుని అలాగే ఆగిపోయాడు. ఒక ముసలాయన, "నేల మందు తినడమేంది తల్లీ" అన్నాడు. ఇంకెవరో నవ్వారు. లింగమ్మ మాత్రం, "నేను అప్పుడే సెప్పినా," అని క్యాను కింద పెట్టింది.

ఈరన్న పాలు పోసి, లింగమ్మ క్యానుకు చుట్టి తెచ్చిన గుడ్డసంచిని భుజాన వేసుకున్నాడు. చివరికి, "పొలం సూస్తారా?" అన్నాడు.

పొలంలో కొర్ర వేశాడు. వెన్నులు బరువెక్కి వంగి ఉన్నాయి. గట్టు దగ్గర చెప్పులు విడిచి, తెచ్చుకున్న సీసా నీళ్లతో కాళ్లు కడుక్కున్నాను. ఆయన చూశాడు గాని ఎందుకని అడగలేదు. ఇద్దరం మడి మధ్యకు వెళ్లాం. గాలి లేదు. వెన్నులు కదలడం లేదు.

"మీరు రాసినప్పుడు నాకు కోపం రాల్యా మేడం. బయమేసింది. పోసింది నేను. నా కండ్లారా సూసినా. లేదంటాండారు. నాకే మతి పోయిందేమో అనుకున్న్యా. రోజూ వచ్చి ఈడ నిలబడి, పోసినానా, పోయల్యా అని నన్ను నేనే అడుక్కుంటాంటి," అన్నాడు.

క్షమించమన్నాను. ఆయన తల ఊపాడు. అది క్షమించానన్నట్టో, విన్నానన్నట్టో నాకు తెలియలేదు. అడగలేదు.

"ఒగటి సెప్పండి," అన్నాడు. "మా నాయన పత్తికి పోసినాడు. నేను పత్తికి, మిరపకు, టమాటాకు పోసినా. ఎన్ని మందులు పోసినామో మాకే తెలీదు. మీరు సీసాలో పెట్టి సూసింది ఈ ఒగ మందే కదా. కడమవన్నీ యాడికి పోయినాయి? ఈ నేల ఇంగా యేమేమి నేర్సుకున్యాదో ఎవురన్నా సూసినారా?"

"లేదు ఈరన్నా. ఎవరూ చూడలేదు."

ఆయన వంగి, రెండు చేతులతో మట్టి తీసి, భుజాన ఉన్న గుడ్డసంచిలో పోశాడు. మూతి గట్టిగా ముడివేసి నా చేతికి ఇచ్చాడు.

"తీసకపోండి. ఇందులో యేముందో మీరే సూడల్ల," అన్నాడు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని సంచిని ఒళ్లో పెట్టుకున్నాను. వెచ్చగా ఉంది. పగలంతా ఎండకు కాగిన మట్టి కదా అనుకున్నాను. పొద్దు వాలింది, గాలి చల్లబడింది, బస్సులో ఆడవాళ్లు కొంగులు కప్పుకున్నారు. ఆదోనిలో దిగి ఆటో కోసం నిలబడ్డప్పుడు సంచిని ఒంటికి దూరంగా, చెయ్యి చాచి పట్టుకున్నాను. అప్పటికీ అది చల్లబడలేదు.